నేలకి దించాకే బిగించాలి



గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి బాబు నాన్నగారు ఒకరు నన్ను సూటిగా ఒక ప్రశ్న అడిగారు. "మేడం, శనివారం ఆఖరి పీరియడ్‌లో మావాడు పాత టేబుల్ ఫ్యాన్ విప్పుతున్నాడట. మేము ఫీజు కట్టేది స్క్రూడ్రైవర్ పట్టించడానికా? ఆ గంటలో ఇంకో స్లిప్ టెస్ట్ పెడితే బాగుంటుంది కదా?" ఆయన కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు. పక్కన కూర్చున్న ముగ్గురు నలుగురు కూడా తలూపారు. నేను "పిల్లలకి ఆసక్తి పెరుగుతుందండీ" అని ఏదో పొడిమాట చెప్పి తప్పించుకున్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు.

వచ్చే టర్మ్ నుంచి ఆ గంటని స్టడీ అవర్‌గా మార్చాలా వద్దా అని అడుగుతూ ఈ నెల మీ పిల్లల డైరీలో ఒక స్లిప్ వస్తుంది. మీరు దాని మీద టిక్ పెట్టేలోపు, ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇక్కడ చెబుతాను. అది నేను బీఈడీలో నేర్చుకున్నది కాదు. దసరా సెలవుల్లో విజయనగరంలో ఒక మెకానిక్ షెడ్డులో, ఒక పాత కారు వెనక చక్రాల దగ్గర కూర్చుని నేర్చుకున్నది.

నా స్కూటీ బ్రేకు బాగుచేయించుకుందామని వెళ్ళాను. షెడ్డు మూలన స్టాండ్ల మీద ఒక చిన్న కారు నిలబెట్టి ఉంది. వెనక చక్రాలు లేవు. కింద గోనెపట్టా మీద సామానంతా పరిచి ఉంది. అది స్టాండర్డ్ హెరాల్డ్. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, గుర్తుపడతారు. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ వాళ్ళు 1959లో తెచ్చిన కారు. దాని రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ మన దేశంలో తయారుచేసింది. ఇదే కారు ఛాసిస్‌ని పొట్టిచేసి, దాని మీద రెండు సీట్ల బాడీ పెట్టి, 1962లో ట్రయంఫ్ వాళ్ళు స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. ప్రపంచమంతా పాత కార్ల ప్రేమికులు ఇప్పటికీ విప్పి బిగించుకుంటున్న కారు అది. మన మద్రాసు హెరాల్డ్ దానికి అక్కలాంటిది. వెనక చక్రాల అమరిక రెండింటిదీ ఒకే తీరు.

ఆ అమరిక ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెబుతాను. అంబాసిడర్‌కి వెనక రెండు చక్రాలనీ కలుపుతూ ఒకటే ఇరుసు ఉంటుంది. దానికి రెండు పక్కలా రెండు కమాన్ కట్టలు. మన రోడ్ల మీద తిరిగే లారీలదీ దాదాపు ఇదే పద్ధతి. ఒక చక్రం గోతిలో పడితే రెండోది కూడా కదులుతుంది. హెరాల్డ్‌కి అలా కాదు. ఒకటే కమాన్ కట్ట, అదీ అడ్డంగా, ఈ చక్రం దగ్గర నుంచి ఆ చక్రం దాకా. మధ్యలో డిఫరెన్షియల్ పెట్టె మీద బిగించి ఉంటుంది. కావిడి బద్దని తలుచుకోండి. మధ్యలో భుజం, రెండు కొసలా రెండు బరువులు. అదే కావిడిని తిరగేసినట్టు, ఇక్కడ కారు బరువు మధ్యలో పడుతుంది, కొసలు చక్రాల మీద ఆనుతాయి. రెండు చక్రాలూ దేనికది పక్షి రెక్కల్లా పైకీ కిందికీ ఆడతాయి.

ఈ రెక్కల పద్ధతికి ఒక చిక్కు ఉంది. మలుపులో జోరుగా తిప్పితే, వెనక చక్రం అడుగుభాగం లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు టైరు రోడ్డుని సరిగ్గా పట్టుకోదు. అమెరికాలో ఇలాంటి వెనక చక్రాలతోనే వచ్చిన షెవర్లే కోర్వెయిర్ కారు గురించి రాల్ఫ్ నాడర్ 1965లో పుస్తకం రాస్తే అది దేశమంతా చర్చ అయింది. ట్రయంఫ్ వాళ్ళు 1970లో స్పిట్‌ఫైర్ కమాన్ కట్ట బిగింపునే మార్చేశారు. మద్రాసు కంపెనీ 1972లో గజెల్ అనే కారు తెచ్చినప్పుడు ఈ అమరిక తీసేసి, వెనక మామూలు ఇరుసు పెట్టేసింది. ఇంత కథ ఉన్న సామాను గోనెపట్టా మీద నా ముందు పరిచి ఉంది. ఫిజిక్స్ చెప్పే టీచర్ని, ఆగలేకపోయాను. "సెలవులే కదా, రోజూ వచ్చి చూడొచ్చా?" అని అడిగాను. మేస్త్రి నవ్వి, "పాత చీర కట్టుకు రండి టీచరమ్మా" అన్నారు.

మూడు రోజులు వెళ్ళాను. మొదటి రోజంతా బిగించడం మొదలే కాలేదు. ప్రతి ముక్కనీ కిరోసిన్‌తో కడగడం, వైరు బ్రష్‌తో తుప్పు గీకడం, మళ్ళీ వరసలో పెట్టడం. ఎడమవైపువి పట్టాకి ఎడమ పక్క, కుడివైపువి కుడి పక్క. ముందుగా విప్పింది చివర, చివర విప్పింది ముందర. చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టి ఉంచే ఒక కడ్డీ ఉంటుంది. దాని బ్రాకెట్ వెనక పలచటి రేకులు కొన్ని ఉన్నాయి. ఆ రేకులు ఎన్ని పెట్టామన్నదాన్ని బట్టి చక్రం తిన్నగా చూస్తుందా, పక్కకి చూస్తుందా అన్నది తేలుతుంది. ఏ పక్క రేకులు ఆ పక్కవి విడివిడిగా తీగకి గుచ్చి ఉంచారు మేస్త్రి. "ఫోటో తీసుకోలేదా?" అని అడిగాను. "తీసేను. ఫోటోలో రేకులు లెక్క కనబడదు కదమ్మా" అన్నారు.

రెండో రోజు పాత రబ్బరు బుష్షులు తీసి కొత్తవి ఎక్కించారు. మూడో రోజు ముక్కలన్నీ కారుకి ఎక్కాయి. కమాన్ కట్ట మధ్యభాగాన్ని పెట్టె మీద ఆయనే గట్టిగా బిగించారు. కొసల దగ్గర ఒక నట్టు మాత్రం నా చేతికి ఇచ్చారు. నేను ఉత్సాహంగా పానా వేసి, ఇక తిరగదు అనేదాకా బిగించేశాను. మెచ్చుకుంటారు అనుకున్నాను. "అయ్యో, ఇప్పుడే బిగించీకండమ్మా! నేలకి దిగనీండి" అని ఆయనే వచ్చి వదులు చేశారు.

కారణం ఇది. రబ్బరు బుష్షు మధ్యలో ఒక ఇనుప గొట్టం ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ గొట్టం బ్రాకెట్‌కి పట్టేసి కదలదు. ఆ తర్వాత చక్రం ఎంత కదిలినా ఆ కదలికనంతా మధ్యలో ఉన్న రబ్బరు మెలితిరిగి భరించాలి. కారు స్టాండ్ల మీద ఉన్నప్పుడు చక్రాలు కిందికి వేలాడుతుంటాయి. ఆ వేలాడే స్థితిలో బిగించేస్తే రబ్బరుకి అదే సహజ స్థితి అయిపోతుంది. కారుని నేలకి దించగానే బరువు పడి చక్రాలు పైకి లేస్తాయి, బట్ట పిండినట్టు రబ్బరు మెలి పడుతుంది. కారు కదలకుండా నిలబడి ఉన్నా ఆ మెలి పోదు. కొన్నాళ్ళకే చిరుగుతుంది. చూడ్డానికి బిగింపు బ్రహ్మాండంగా ఉంటుంది, లోపల చిరుగు మాత్రం మొదటి రోజే మొదలై ఉంటుంది.

అందుకని నట్లన్నీ వేళ్ళతో పట్టేంత వరకే పెట్టి, చక్రాలు వేసి, కారుని దించారు. అప్పుడు కూడా బిగించలేదు. జాకీ మీద నుంచి దిగిన హెరాల్డ్ వెంటనే కుదురుకోదు. చక్రాలు ఇంకా కాళ్ళు ముడుచుకున్నట్టే ఉంటాయి. వెనక సీట్లో రెండు పాతిక కేజీల బియ్యం బస్తాలు వేశారు. నలుగురం కలిసి కారుని పదడుగులు ముందుకి, పదడుగులు వెనక్కి తోశాం. మెల్లగా చక్రాలు విచ్చుకుని నిలబడ్డాయి. అప్పుడు కారుని గొయ్యి మీదకి తెచ్చి, మేస్త్రి గోతిలోకి దిగి, కింద నుంచి ఒక్కొక్క నట్టూ బిగించారు.

స్ప్రింగుని ఎంత బలంతో లాగితే అంతకి తగ్గట్టు సాగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించిన సూత్రాన్ని నేను ఫౌండేషన్ క్లాసులో ఏటా చెబుతాను. దాని మీద లెక్కలు ఎన్ని రకాలుగా అడగొచ్చో నాకు తెలుసు. కానీ స్ప్రింగుకి కట్టిన నట్టు ఎప్పుడు బిగించాలో తెలియలేదు. ఆ షెడ్డులో నేను ఫెయిలైన స్టూడెంట్‌ని. నన్నెవరూ తిట్టలేదు, మార్కులు తగ్గించలేదు. వదులు చేసి మళ్ళీ బిగించే అవకాశం ఇచ్చారు, అంతే.

ఇప్పుడు ఆ నాన్నగారి ప్రశ్నకి వస్తాను.

విప్పడం ఏ పిల్లలైనా విప్పుతారు. ఇంట్లో రిమోట్లూ బొమ్మ కార్లూ ఎలా పోతాయో మీకు తెలుసు. మళ్ళీ బిగించడంలోనే చదువుంది. విప్పేటప్పుడే తిరుగు దారి ఆలోచించుకోవాలి. ఏది ముందు, ఏది తర్వాత, ఎందుకు అని అడుగుతూ పోవాలి. తప్పు జరిగితే టీచరు చెప్పక్కర్లేదు, ట్రేలో మిగిలిపోయిన వాషరే చెబుతుంది. మన ఫ్యాన్ క్లాసులో ఒకమ్మాయి బిగింపు అంతా అయ్యాక చూసుకుంటే రెండు స్క్రూలు మిగిలాయి. స్లిప్ టెస్టుల్లో ఎప్పుడూ ముందుండే పిల్ల. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను ఏమీ అనలేదు. పది నిమిషాల తర్వాత తనే మళ్ళీ విప్పడం మొదలుపెట్టింది. బస్సు టైమ్ అయినా లేవలేదు. రాసిన జవాబు తప్పైతే, ఆ తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్ళి వెతికే ఓపిక మా స్లిప్ టెస్టులు పిల్లలకి ఇవ్వడం లేదు. మార్కు పడిపోయాక ఆ పేపర్ ఎవరూ చూడరు. సోమవారం ఇంకో పేపర్ వచ్చేస్తుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. పిల్లల్ని మనం గాలిలో ఉండగానే బిగించేస్తున్నాం. ఈ మాట అంటున్నది ఆ బిగింపులో చెయ్యి ఉన్న మనిషే. ఆరో తరగతి పిల్లకి ఐఐటీ అంటాం, ఏడో తరగతి పిల్లాడికి డాక్టర్ అంటాం. వాళ్ళు ఇంకా నేలమీదకి దిగలేదు. ఏ పనిలో చెయ్యి పెడితే ఎలా ఉంటుందో, దేని బరువు ఎంతో వాళ్ళకి తెలియదు. ఫార్ములా గట్టిగా పట్టేస్తుంది, చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. ఇంటర్‌కి వెళ్ళి నిజమైన బరువు మీద పడ్డాక మెలి మొదలవుతుంది. ఆ మెలి ఎలా ఉంటుందో మీ చుట్టాల ఇళ్ళల్లో ఎక్కడో ఒకచోట మీరు చూసే ఉంటారు. బిగించొద్దు అనడం లేదు. వదులు నట్లతో కారు రోడ్డెక్కదు. ముందు వస్తువుల బరువు, పని బరువు, తప్పు చేసి సరిదిద్దుకునే బరువు కాస్త చేతికి తెలియనిచ్చి, ఆ తర్వాత బిగిద్దాం అంటున్నాను. వారానికి ఒక గంట అందుకే అడుగుతున్నాను.

ఇది కొత్త మాటేమీ కాదు. 1937లో వార్ధా సమావేశంలో గాంధీగారు చేతిపనితో కలిపిన చదువు గురించే చెప్పారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలు 10 రోజులు బ్యాగు లేకుండా, ఊళ్ళోని వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల లాంటి పనివాళ్ళ దగ్గర నేర్చుకోవాలని రాసింది. మనకి బొబ్బిలిలో పనస దుంగని తొలిచి వీణ చేసేవాళ్ళున్నారు, పొందూరులో సన్నఖాదీ వడికేవాళ్ళున్నారు. మా పిల్లల్లో ఎంతమంది వాళ్ళ చేతులు పనిచేస్తుండగా చూశారు?

అయితే నాకు వెంటనే జవాబు దొరకని మాట ఒకటి ఉంది. అది కూడా మీకు చెప్పాలి. ఆ మేస్త్రిగారి పాప మన స్కూల్లోనే ఏడో తరగతి చదువుతోంది. మూడో రోజు సాయంత్రం టీ తాగుతూ, "మన స్కూల్లో కూడా ఇలాంటివి చేయించాలండీ, ఒకరోజు పిల్లల్ని ఇక్కడికే తీసుకొస్తాను" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ చూపించారు. గోళ్ళ సందుల్లో ఏ సబ్బుకీ పోని నలుపు. "ఈ చేతులు దానికి రాకూడదనే కదమ్మా ఫీజు కడతన్నాను. మీరు మళ్ళీ ఇక్కడికే తెస్తానంటే ఏటి చెప్పమంటారు?" అన్నారు.

ఇంజనీర్ల పిల్లలకి స్పానర్ పట్టుకోవడం సరదా. మెకానిక్ పిల్లకి అది వెనక్కి లాగే చెయ్యి. ఈ తేడా నేను అంతవరకూ ఆలోచించలేదు. ఇంటికి వెళ్ళాక చాలాసేపు ఆలోచించాను. నాకు తోచింది ఇది. ఆయన భయపడుతున్నది గ్రీజుకి కాదు, గ్రీజు చేతులకి దక్కని మర్యాదకి. ఆ మర్యాద ఇవ్వనిది మనమే. సరిగ్గా చదవకపోతే మెకానిక్ షెడ్డులో చేరతావు అని పిల్లల్ని బెదిరించేది మనమే. నేను కూడా క్లాసులో ఒకసారి ఆ మాట అన్నాను. ఆ క్లాసులో అలాంటి ఇంటి పిల్లలు ఎవరైనా ఉన్నారేమో అని అప్పుడు చూసుకోలేదు. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అందరి పిల్లలూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే ఫ్యాన్ విప్పి బిగిస్తే, ఆ పనిలో ఎంత తెలివి ఉందో అందరికీ ఒకేసారి తెలుస్తుంది. ఆ గంట అవసరం మేస్త్రిగారి పాప కంటే మిగతా పిల్లలకే ఎక్కువ.

మీకు ఇంకా సందేహాలుండొచ్చు. ఈ గంట వల్ల మార్కులు పెరుగుతాయా? పెరుగుతాయని నేను మాటివ్వలేను. ఒక గంట వల్ల మార్కులు తగ్గిపోతాయని కూడా నేను అనుకోవడం లేదు. దెబ్బలు తగలవా? జాకీలు, స్ప్రింగులు, ప్లగ్గులో ఉన్న వస్తువులు ఏవీ పిల్లల చేతికి ఇవ్వం. వంగిన స్ప్రింగులో ఎంత బలం దాగి ఉంటుందో షెడ్డులో చూశాను కాబట్టి ఆ విషయంలో నేను మీకంటే భయస్తురాలిని. ఆడపిల్లలకి ఎందుకు? ఈ ప్రశ్న అడిగినవాళ్ళకి నేను ఒకటే చెప్పాను. మిగిలిపోయిన స్క్రూల కోసం మళ్ళీ విప్పింది ఆడపిల్లే.

ఇంట్లో కూడా మొదలుపెట్టొచ్చు. ప్లగ్ తీసేసిన పాత టేబుల్ ఫ్యాన్, కారుతున్న కుళాయి, సైకిల్ పెడల్, మిక్సీ జార్ మూత రబ్బరు చాలు. ముందు ఒక పాత బట్ట పరవమనండి. విప్పినవి విప్పిన వరసలో పెట్టమనండి. ఫోటో తీయమనండి, లెక్క మాత్రం కాగితం మీద రాయమనండి. నట్లన్నీ ముందు చేత్తోనే పట్టించి, అన్నీ కూర్చున్నాయని చూసుకున్నాకే పానా వెయ్యమనండి. ఒక్కటే కోరిక, పక్కన కూర్చుని మీరు బిగించెయ్యకండి. ఆలస్యమైనా, తప్పైనా వాళ్ళనే చూసుకోనివ్వండి. పావుగంట ఆగడం మనకే కష్టం, నాకూ కష్టమే.

డైరీలో స్లిప్ ఈ శనివారం వస్తుంది, వచ్చే బుధవారానికి క్లాస్ టీచరుకి అందాలి. ఆ గంట ఉండాలి అనుకుంటే మొదటి గడిలో టిక్ పెట్టండి. వద్దనుకుంటే రెండో గడిలో పెట్టి, కింద కారణం ఒక లైను రాయండి. ప్రతి లైనూ నేను చదువుతాను.

మేస్త్రిగారిని కూడా ముందుగానే అడిగాను. కాసేపు ఆలోచించి, "షెడ్డుకి వద్దమ్మా. స్కూల్లో, అందరితో పాటూ అయితే చెయ్యనీండి" అన్నారు. ఆయన పెట్టిన షరతు న్యాయమైనదే. అందుకే పిల్లల్ని షెడ్డుకి తీసుకెళ్ళే ఆలోచన మానుకున్నాను. మీరు సరేనంటే వచ్చే టర్మ్‌లో మనకి ఇంకో రెండు పాత ఫ్యాన్లు కావాలి. మీ అటక మీద ఉంటే పంపించండి.